యూనియన్ పెట్టినందుకు కోర్టుకీడ్చారా?

నిజమే, మన దేశంలోనే జరిగింది. 1918లో మద్రాసులో బి.పి.వాడియా అధ్యక్షుడిగా మద్రాస్ లేబర్ యూనియన్ మొదలైంది, అందులో ఎక్కువమంది బకింగ్‌హామ్, కర్నాటిక్ బట్టల మిల్లుల కార్మికులే. మిల్లులు నడిపే బిన్నీ కంపెనీకి ఇది అస్సలు నచ్చలేదు. లాకౌట్లు చేసింది (అంటే మిల్లుకు తాళం వేసి కార్మికులను పనిలోకి రానివ్వలేదు), అది చాలదన్నట్టు 1920లో, కార్మికులను ఉసిగొల్పి వాళ్ల ఒప్పందాలు చెడగొడుతున్నారని వాడియా మీదా మరికొందరి మీదా మద్రాసు హైకోర్టులో దావా వేసి ఇంజంక్షన్ (అలా చేయొద్దన్న కోర్టు ఉత్తర్వు) తెచ్చుకుంది. అప్పటికి యూనియన్లకు చట్టం అండ ఎక్కడుంది? చివరికి రాజీ కుదిరింది, వాడియా యూనియన్ నుంచి తప్పుకోవాలన్న షరతు మీద (కంపెనీకి కావాల్సిందీ అదేగా!). ఆ కేసు రేపిన గొడవతోనే 1921లో కార్మిక నాయకుడు ఎన్.ఎం.జోషి కేంద్ర శాసనసభలో యూనియన్లకు చట్టం కావాలని తీర్మానం పెట్టారు, 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. రిజిస్టరైన యూనియన్ నాయకుల మీద ఇలాంటి దావాలు చెల్లకుండా అందులో రక్షణ పెట్టారు.