ఘానా వెళితే ఏమేం చూడాలి?

రాజధాని అక్రాకు ఒక రోజు చాలు. 1957లో స్వాతంత్ర్యం ప్రకటించిన చోటే దేశ తొలి అధ్యక్షుడు క్వామే ఎన్‌క్రుమా సమాధి ఉంది. అది చూసి, తీరం వెంట పడమరకు బయలుదేరండి.

నన్నడిగితే అసలు చూడవలసినవి ఎల్మినా, కేప్ కోస్ట్ కోటలు. ఎల్మినాను 1482లో పోర్చుగీసువారు బంగారం వ్యాపారం కోసం కట్టారు. తర్వాత అక్కడి సరుకు మనుషులే అయ్యారు. కేప్ కోస్ట్‌లో మగ బానిసలను కుక్కిన నేలమాళిగకు సరిగ్గా పైన ప్రార్థన మందిరం నడిచింది. గైడు ఆ మాట చెప్పి ఒక్క క్షణం ఆగితే, ఎవరికీ ఫోటో తీయాలనిపించదు. బానిసలను ఓడలకు తరలించిన, సముద్రం వైపున్న ‘తిరిగిరాని ద్వారం’ కూడా ఇక్కడిదే.

మనసు తేలికపడాలంటే దగ్గరలోని కాకుమ్ అడవికి వెళ్లండి. చెట్ల కొమ్మల మధ్య, దాదాపు 40 మీటర్ల ఎత్తున, ఏడు తాళ్ల వంతెనలు ఊగుతుంటాయి. కళ్లు తిరిగేవారు కిందే ఉండటం మేలు.

సమయం ఉంటే ఉత్తరాన మోలే అభయారణ్యం: తుపాకీ పట్టిన రేంజరు వెంట కాలినడకన ఏనుగులను చూడవచ్చు. పక్కనే లారబంగాలో పాత మట్టి మసీదు ఉంది.

నవంబరు నుంచి మార్చి వరకు వానలు తక్కువ. ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం మరవకండి. తిరిగి భారత్‌లో దిగేటప్పుడు కూడా అడుగుతారు.