వేయించిన పత్తి కట్టె, బొగ్గు: తారు, గడ్డలు ఎందుకంటే

నమస్తే అండీ. వేయించిన (గాలి తగలకుండా వేడి చేసిన) పత్తి కట్టెను సింగరేణి బొగ్గుతో సగం సగం కలిపి గ్యాసిఫైయర్‌లో, అంటే తక్కువ గాలితో కాల్చి మండే గ్యాసు తీసే పొయ్యిలో వేస్తే, గ్యాసు గొట్టంలో తారు, పొయ్యి అడుగు జల్లెడ మీద బూడిద గడ్డలు వస్తున్నాయని అడిగారు. ఇవి రెండు వేర్వేరు జబ్బులు.

ముందు ఒక కట్టె ముక్క విరిచి చూడండి. పుటుక్కున విరిగి లోపలిదాకా ముదురు గోధుమ రంగుంటే సరే. నార సాగితే అది ఇంకా పచ్చిదే, తారు అక్కడిదే. వేయించేటప్పుడు గాలి తగలకుండా 250-280 డిగ్రీల సెల్సియస్ వద్ద అరగంట ఉంచండి. 300 దాటితే తర్వాత గ్యాసుగా మారాల్సిన సరుకు పొగలోనే పోతుంది.

గడ్డలకు కారణం కట్టె బూడిదలోని పొటాషియం. బొగ్గు బూడిదలోని సిలికాతో కలిసి తక్కువ వేడికే కరుగుతుంది. కట్టెను మొత్తం మిశ్రమంలో ఐదో వంతుకు తగ్గించి చూడండి. వరిగడ్డి జోలికి మాత్రం వెళ్లవద్దు, ఆ రెండూ దానిలోనే ఉన్నాయి. ఒకసారి వేసి, హనుమకొండ ఎండలో జల్లెడను గడ్డపారతో పొడిచినవాణ్ని నేను.

ఈ గ్యాసులో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, షెడ్డు తలుపులు తెరిచే ఉంచండి.