టెక్ సందేహాలు: వజ్రాల ఆశ చూపే పిల్లిపిల్లలు

ప్రశ్న: మా అబ్బాయి ఏడో తరగతి. పిల్లులు, కుందేళ్ళు ఉండే ముక్కల ఆట నా ఫోన్లో ఆడతాడు. ఆటలో ఖర్చుపెట్టే వజ్రాలు ఊరికే వస్తాయని స్నేహితుడు వాట్సాప్‌లో పంపిన ఏపీకే ఫైలు (ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్ వేసే ఫైలు) వేశాడు. రెండు రోజులుగా నాకు ఓటీపీలు రావడం లేదు. ఆట తీసేస్తే సరిపోతుందా? (పర్లాకిమిడి నుంచి)

జవాబు: సరిపోదు. ముందు డేటా, వైఫై రెండూ ఆపి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి యూపీఐ, డెబిట్ కార్డు బ్లాక్ చేయించండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే అవతలి ఖాతాలో డబ్బును ఆపడానికి అంత వీలుంటుంది.

ఓటీపీలు కనబడకపోవడమే అసలు గుర్తు. సెట్టింగ్స్‌లో యాప్స్, డిఫాల్ట్ యాప్స్, ఎస్ఎంఎస్ యాప్ చూడండి. అక్కడ మీ మామూలు మెసేజ్ యాప్ బదులు ఇంకేదో పేరుంటే మీ మెసేజ్‌లు దాని చేతిలో ఉన్నట్టే. తర్వాత పవర్ మెనూలో ‘పవర్ ఆఫ్’ మీద వేలు నొక్కిపట్టి, మనం వేసుకున్న యాప్‌లు పనిచేయని సేఫ్ మోడ్‌లోకి వెళ్ళండి (చాలా ఫోన్లలో దారి ఇదే). యాక్సెసిబిలిటీలోనూ (యాప్ తెర చదివి మన బదులు నొక్కగలిగే అనుమతి), డివైస్ అడ్మిన్‌లోనూ (యాప్‌ని తీసేయకుండా అడ్డుపడే అనుమతి) ఆ యాప్‌కిచ్చిన అనుమతి తీసేశాకే అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ముందే ప్రయత్నిస్తే బటన్ పనిచేయకపోవచ్చు. ఐకాన్ కనబడకపోయినా యాప్స్ జాబితాలో వెతకండి. మీ సిమ్ వేరే ఫోన్లో వేసి యూపీఐ పిన్, మెయిల్ పాస్‌వర్డ్ మార్చండి. ఇన్నీ చేశాక కూడా అనుమానం ఉంటే ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, ఫొటోలు మాత్రం ముందే దాచుకోండి.

ఆండ్రాయిడ్ 13 నుంచి, ఇలా బయటినుంచి వచ్చిన యాప్‌కి యాక్సెసిబిలిటీ అంత తేలిగ్గా దొరకదు. యాప్ ఇన్ఫోలో మూడు చుక్కలు నొక్కి, నిరోధించిన సెట్టింగ్‌ను మనమే అనుమతించాలి. అంటే దొంగకి తాళం మన చేతే తీయిస్తున్నారు. పైగా ఆ హెచ్చరిక పిల్లవాడికి ఇంగ్లీషులోనో, తెలుగువాడెవడూ మాట్లాడని తెలుగులోనో కనిపిస్తే, వాడు చదివేది ‘అనుమతించు’ అన్న ఒక్క మాటే. ఏపీకేని పెళ్ళి ఫొటోలా ఒక్క నొక్కుతో తెరిచే మెసేజ్ యాప్‌లనీ ఇక్కడే తిట్టుకోవాలి.

అసలు వజ్రాల లెక్క ఉండేది ఆట సర్వర్లో. ఫోన్లో ఫైలు మార్చితే తెర మీద అంకె మారుతుందేమో, ఖాతాలో మారదు. ‘అంతులేని వజ్రాలు’ అన్న మాట వినగానే ఎర అనుకోండి.

ఆట మీద మాత్రం నాకు కోపం లేదు. పులిజూదంలో 3 పులులు, 15 మేకలు, అంతా ఎత్తే. వైకుంఠపాళిలో అంతా అదృష్టమే. ఈ ముక్కల ఆటలు అష్టాచెమ్మాకి దగ్గర: గవ్వలు ఎలా పడతాయో మన చేతిలో లేదు, ఏ కాయ నడపాలో మన ఇష్టం. నలుగురు ఆడితే 3 పేలే ముక్కలు (తీసినవాడు ఆటలోంచి బయటికే) ఉన్నాయనుకోండి. కట్టలో 40 ముక్కలుంటే తర్వాత తీసేది పేలే అవకాశం 7.5 శాతం. అవే మూడూ ఉండి కట్ట పదికి తగ్గితే 30 శాతం. పై ముక్కల్ని చూడనిచ్చే కార్డు మొదట్లోనే వాడేసేవాడు ఇక్కడే చిక్కుతాడు. బొమ్మ ముద్దుగా ఉండడం వల్ల ఓడినా నవ్వొస్తుంది, ఇంకో ఆట అనిపిస్తుంది. కట్ట బల్ల మీదున్నంతవరకూ ఇందులో తప్పు లేదు. కట్ట సర్వర్లోకి వెళ్ళి, ఒక్కో ముక్కకీ ధర పెట్టినప్పుడు ఆ ముద్దే చిరాకు తెప్పిస్తుంది.

ప్రశ్న: ఆటలో డబ్బు పెట్టి తీసే ముక్కల్లో, వచ్చే అవకాశం ‘1 శాతం’ అని రాసిన బంగారు కప్ప కోసం 90 సార్లు తీశాను, రాలేదు. మోసమేనా? (సిరొంచ నుంచి)

జవాబు: మోసమని దీన్నిబట్టి చెప్పలేం. 1 శాతమంటే నూటికొకటి తప్పకుండా వస్తుందని కాదు. 90 సార్లు తీసినా నూరుమందిలో దాదాపు 40 మందికి రాదు. ఇన్నిసార్ల తర్వాత తప్పక ఇస్తామన్న హామీ ఉందేమో ఆటలోని నిబంధనల్లో చూడండి. లేకపోతే 91వ సారి కూడా అదే 1 శాతం. ఇలాంటి శాతాలు కొనేముందే చూపాలన్నది ప్లే స్టోర్ నియమం. చూపని ఆటలో రూపాయి పెట్టకండి.

ప్లే స్టోర్లో నెలవారీ బడ్జెట్ పెట్టుకున్నానని ధీమాగా ఉండొద్దు. అది గుర్తు చేస్తుందంతే, కొనడం ఆపదు. సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకీ ధృవీకరణ అడిగేలా పెట్టండి. పొరపాటున కొన్నది 48 గంటల్లోపైతే గూగుల్‌కే రీఫండ్ అభ్యర్థన పంపవచ్చు. ఆ గడువు దాటితే ఆట తయారుచేసినవాళ్ళకి రాసుకోవాలి.