అల్లుడూ, ముందు దాని కిందికి దూరి చూడు

అల్లుడూ,

నువ్వు మొన్న రాత్రి వాట్సాప్‌లో పంపిన పదకొండు ఫొటోలూ కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ పెద్దగా చేసి చూశాను. నువ్వు కొనాలనుకుంటున్న ఆ పాత ల్యాండ్ రోవర్ బండి బాగుంది. ఆ ఆకుపచ్చ రంగు, పైన తెల్లటి టాప్ చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది, నాకూ లాగింది. కానీ పదకొండింటిలో ఒక్కటి కూడా బండి కింది నుంచి తీసిన ఫొటో లేదు. అందుకే అడ్వాన్స్ అని ఒక్క రూపాయి పంపే ముందు ఇది మొత్తం చదువు. మా అక్కకు, అంటే మీ అమ్మకు, చెప్పకుండా కొనాలని చూస్తున్నావని నాకు తెలుసు, ఆ సంగతి ఇంటికి వచ్చినప్పుడు మాట్లాడుకుందాం.

ఈ పాత ల్యాండ్ రోవర్ల సంగతి ఒకటి నీకు ముందే తెలియాలి. మహాయుద్ధం అయిపోయాక ఇంగ్లండులో ఉక్కుకు రేషన్ ఉండేది, విమానాల కోసం తయారు చేసిన అల్యూమినియం మాత్రం దొరికేది. రోవర్ కంపెనీలో ఇంజనీరు మారిస్ విల్క్స్ తన పొలంలో అమెరికా విల్లీస్ జీపు వాడుకునేవాడు, అలాంటిదే మనమూ చేద్దామని మొదలుపెట్టి, 1948 ఏప్రిల్‌లో ఆమ్‌స్టర్‌డామ్ మోటార్ షోలో ఈ బండిని చూపించారు. బాడీ రేకులు దాదాపు అన్నీ అల్యూమినియంవి. కింద బండి మొత్తాన్ని మోసే చట్రం, అంటే చాసిస్, మాత్రం ఉక్కుది, డ్రైవర్ కాళ్ల ముందు నిలబడి ఉండే గోడ, అంటే బల్క్‌హెడ్, అదీ ఉక్కుదే. మరి అల్యూమినియం ఉక్కులాగా తుప్పు పట్టదు కదా, అరవై ఏళ్ల తర్వాత కూడా డోరు, బానెట్, మడ్‌గార్డు ఒక కోటు రంగుతో కొత్తవాటిలా మెరుస్తాయి. కింద ఉక్కు పుచ్చిన వంకాయలా ఉన్నా పైకి తెలియనే తెలియదు. మన అంబాసిడర్లకు, జీపులకు డోరు కింద తుప్పు చూసి బండి వయసు చెప్పేవాళ్లం, ఇక్కడ ఆ లెక్క పనిచేయదు.

ఇది నాకు ఎలా తెలిసిందో నీకు గుర్తుందో లేదో. 2006లో నేను మొదటిది కొన్నాను. అప్పటికి కాజీపేట లోకోషెడ్డులో ఇరవై ఏళ్లు దాటింది నా సర్వీసు, డీజిల్ ఇంజన్ చప్పుడు విని ఏ సిలిండర్ దెబ్బతిన్నదో చెప్పేవాణ్ణి. ఆ ధీమాతో ఇంజన్ ఒక్కటే విని పైసలు ఇచ్చేశాను. వానాకాలంలో అందరం మేడారం బయలుదేరాం, మీ అమ్మానాన్న, మీ అత్త, నేను. నీకు ఏడేళ్లు, వెనక బెంచీ మీద కూర్చుని పాటలు పాడుతున్నావు. పస్రా దాటి తాడ్వాయి రోడ్డు ఎక్కాక ఒక చిన్న గుంతలో పడగానే ధన్ మని శబ్దం వచ్చి బండి ఒక పక్కకు ఒరిగింది. దిగి చూస్తే వెనక కమాను పట్టీలు తగిలించే కొక్కెం చాసిస్‌లోంచి ఊడి వచ్చేసింది. ఆ తల్లుల దయ, స్పీడు ముప్పై కూడా లేదు. తర్వాత చాసిస్‌ను కోసి చూస్తే లోపల ఎర్రమట్టి, తుప్పు పొరలు కలిసి పిడికిళ్లతో తీసేంత ఉంది. తుప్పు మీదే రేకు ముక్క పెట్టి వెల్డింగ్ చేసి, దాని మీద పుట్టీ పట్టించి, పైన నల్లరంగు మందంగా కొట్టి అమ్మాడు నాకు. ఆ మనిషి ఎవరో ఇప్పుడు అనవసరం. నిన్ను ఆ బండిలో కూర్చోబెట్టానన్న బాధ మాత్రం నాకు ఇప్పటికీ పోలేదు, ఇంత పొడుగు ఉత్తరం రాయడానికి అదే కారణం.

కాబట్టి బండి దగ్గరికి పోయినప్పుడు ఇంజన్ జోలికి పోకు. టార్చిలైటు, చిన్న సుత్తి, పాత స్క్రూడ్రైవర్, ఒక అయస్కాంతం, ఒక గోనె సంచి పట్టుకుపో. గోనె పరుచుకుని వెల్లకిలా పడుకుని కిందికి దూరు. ఈ చాసిస్ నాలుగు ఉక్కు పట్టీలు అతికి చేసిన డొల్ల పెట్టె లాంటిది, నీళ్లు, బురద లోపలికి చేరి లోపలి నుంచే తింటాయి. సుత్తితో వరుసగా కొట్టుకుంటూ పో. గట్టి ఉక్కు అయితే టంగ్ మంటుంది, పుచ్చింది అయితే అట్టపెట్టె మీద కొట్టినట్టు డబ్ మంటుంది. చప్పుడు మారిన చోట స్క్రూడ్రైవర్ మొన పెట్టి గట్టిగా నొక్కు. ముఖ్యంగా వెనక చివర అడ్డంగా ఉండే దూలం, బల్క్‌హెడ్‌ను మోసే పక్క చేతులు, కమాను పట్టీలు తగిలించే చోట్లు, పెట్రోలు ట్యాంకు పైన ఉండే భాగం చూడు. అమ్మేవాడు స్క్రూడ్రైవర్‌తో పొడవనివ్వను, రంగు పోతుంది అంటే, సరే అన్నా అని చెప్పి ఇంటికి వచ్చేయ్. కింద మొత్తం కొత్తగా, తళతళలాడే నల్లరంగు ఉంటే సంతోషపడకు, ఇంకో నాలుగు చోట్ల ఎక్కువ కొట్టు. నిజంగా పని చేయించినవాడి దగ్గర విప్పినప్పటి ఫొటోలు ఉంటాయి, ఉత్త చాసిస్ నేల మీద ఉన్నది, వెల్డింగ్ చేస్తున్నది, రంగుకు ముందు, రంగుకు తర్వాత. అవి అడుగు. రిస్టోర్ చేశాను అని చెప్పి ఒక్క ఫొటో చూపించలేనివాడు రంగు మాత్రమే వేయించాడని నేను అనుకుంటాను.

అయస్కాంతం ఎందుకంటే, మడ్‌గార్డులకు, బానెట్‌కు, డోరు బయటి రేకుకు అది అంటుకోకూడదు. అంటుకుంటే అసలు రేకు పోయి ఎవరో మామూలు ఇనుప రేకుతో చేయించి పెట్టినట్టు, అది రెండు మూడు వానాకాలాల కన్నా ఎక్కువ ఆగదు. బల్క్‌హెడ్‌కు మాత్రం గట్టిగా అంటుకోవాలి. అద్దం కింద గాలి కోసం తెరిచే రెండు మూతలు ఉంటాయి చూడు, వాటి మూలల్లో, తర్వాత కాళ్లు పెట్టుకునే చోట రబ్బరు మ్యాట్ ఎత్తి అక్కడా పెట్టి చూడు. జారిపోతే దాని కింద ఉన్నది పుట్టీ. అల్యూమినియం, ఉక్కు బోల్టులతో కలిసే చోట తెల్లటి పొడి లేచి రేకు ఉబ్బుతుంది, తడి తగిలితే ఆ రెండు లోహాలకూ పడదు. అది కొంచెం ఉంటే పర్వాలేదు.

ఇప్పుడు నీ ఫొటోల సంగతి. 1965 మోడల్ సిరీస్ 2ఏ అని అమ్మేవాడు చెప్పాడు కదా, మరి హెడ్‌లైట్లు మడ్‌గార్డుల మీద ఉన్నాయేమిటి? ఆ ఏడాది బండికి రెండు లైట్లూ మధ్యలో, జాలీ దగ్గర దగ్గరగా ఉండాలి. మడ్‌గార్డుల మీదికి జరిపింది 1968-69 ప్రాంతంలో. మీటర్లు డ్యాష్‌బోర్డు మధ్యలోనే ఉన్నాయి కాబట్టి సిరీస్ 3 కాదు, అది 1971లో వచ్చింది, దానికి మీటర్లు డ్రైవర్ ముందే ఉంటాయి. అంటే ఏడాది తప్పు చెప్పాడా, ముందు భాగం వేరే బండిది తెచ్చి పెట్టాడా, రెండింట్లో ఒకటి. ముందు భాగం మార్చడం పాపం కాదు. కానీ కాగితం మీద ఉన్నది బండి మీద ఉన్నదానితో కలవాలి. కుడివైపు ముందు చక్రానికి ఇంకా ముందు, కమాను పట్టీ బిగించే చోట చాసిస్ నంబరు గుద్ది ఉంటుంది. వైర్ బ్రష్‌తో మెల్లగా రంగు గీకి, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దు. ఆ అచ్చు, బల్క్‌హెడ్ మీద ప్లేటు, ఆర్సీ, మూడూ అక్షరం అక్షరం ఒకటే కావాలి. అంకెలు వంకరగా, ఒక్కోటి ఒక్కో లోతులో ఉన్నా, ఆ చోట మాత్రమే ఉక్కు కొత్తగా కనిపించినా వదిలెయ్, ఎంత తక్కువకు ఇచ్చినా సరే. ఇంజన్ నంబరు కూడా చూడు. మన దేశంలో ఈ బండ్లలో చాలావాటికి పెట్రోలు ఇంజన్ తీసేసి జీపు డీజిల్ ఇంజన్ ఎక్కించారు, టీ తోటల్లో తిరిగిన బండ్లకు అది మామూలే. ఆ మార్పు ఆర్సీలో ఎక్కి ఉంటే నువ్వు ఇష్టపడితే కొనుక్కో. ఎక్కకపోతే ట్రాన్స్‌ఫర్ రోజు ఆర్టీఏ ఆఫీసులో నువ్వే ఆగం అవుతావు.

అది తమిళనాడు నంబరు కదా. అక్కడి ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, రావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి తెలంగాణ నంబరు తీసుకోవాలి. ఎన్‌ఓసీ చేతికి వచ్చాకే మిగతా పైసలు ఇస్తానని అగ్రిమెంట్‌లో రాయించు. ఇంకో మాట, అమ్మేవాడు వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకో అని సలహా ఇచ్చాడన్నావు. 2021లో కేంద్రం తెచ్చిన రూల్ అది, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండికి వీఏ అనే అక్షరాలతో నంబరు ఇస్తారు, కొత్తగా అయితే ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. వినడానికి బాగుంటుంది. కానీ ఆ నంబరుతో రోజూ రోడ్డు మీద తిరగడానికి లేదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు, రిపేరుకు, పెట్రోలు కొట్టించుకోవడానికి, అంతే. నువ్వేమో ప్రతి శని, ఆదివారాలు లక్నవరం, పాకాల పోవాలంటున్నావు. నీకు కావాల్సింది మామూలు ఆర్సీ, ఫిట్‌నెస్ చెల్లుబాటులో ఉన్నది. దానికి ఐదేళ్లకోసారి రెన్యువల్ ఉంటుంది, 2025 ఆగస్టులో ఆ ఫీజులు బాగా పెంచారు, 20 ఏళ్లు దాటిన విదేశీ నాలుగు చక్రాల బండికి 80 వేలు. ఆ రెన్యువల్ ఎప్పుడు పడుతుందో ఆర్సీలో తేదీ చూసి, దగ్గర్లో ఉంటే ఆ లెక్క బేరంలో పెట్టు.

ఇవన్నీ అయ్యాక ఇంజన్. మనం పోయేసరికి బండి చల్లగా ఉండాలి, బానెట్ మీద చెయ్యి పెట్టి చూడు. వేడిగా ఉంటే ముందే నడిపి పెట్టాడన్నమాట, ఇంకో రోజు వస్తానని చెప్పు. ఆ 2,286 సీసీ పెట్రోలు ఇంజన్ మొండిది, పాడవడం తక్కువ, బాగు చేయడం సులువు, దాని గురించి టెన్షన్ వద్దు. గేర్‌బాక్స్ గురించి పెట్టుకో. సిరీస్ 2ఏలో ఒకటి, రెండు గేర్లు కిర్రుమంటాయి, క్లచ్ రెండుసార్లు తొక్కి మార్చడం నేర్చుకోవాలి, అది లోపం కాదు, ఆ బండి తీరే అంత. కానీ మూడో గేరులో పోతూ ఒక్కసారి యాక్సిలరేటర్ మీద కాలు తీసేయ్, గేరు తనంతట తాను బయటికి దూకితే లోపల పని ఉంది. పసుపు బుడిపె ఉన్న కడ్డీ కిందికి నొక్కితే నాలుగు చక్రాలు కలుస్తాయి, ఎర్ర బుడిపె ఉన్నది బండి ఆపి వెనక్కి లాగితే లో గేరు పడి, పసుపుది తనే పైకి లేస్తుంది. లేవకపోతే ఆ మెకానిజం పట్టేసినట్టు. ఇది మట్టి మీదే చెయ్యి. ఈ బండికి ముందు, వెనక చక్రాల మధ్య వేగం తేడాను సర్దే డిఫరెన్షియల్ లేదు, తారు రోడ్డు మీద ఫోర్ వీల్‌లో తిప్పితే లోపల పళ్లన్నీ బిగిసిపోతాయి. ముందు చక్రాల వెనక గుండ్రంగా మెరిసే బంతులు ఉంటాయి, వేలితో తడిమి చూడు, గుంతలు పడి ఉంటే ఆయిల్ కారుతుంది. కొంచెం ఆయిల్ కారని ల్యాండ్ రోవర్ నేను చూడలేదు, అసలు ఎక్కడా చుక్క లేకపోతే ఆయిల్ ఉందో లేదో చూడు.

బ్రేకులు నాలుగూ డ్రమ్మువి, బూస్టర్ ఉండదు, కాలితో గట్టిగా తొక్కాలి, ఒక పక్కకు లాగకూడదు. టైర్ల మీద నాలుగంకెల తేదీ చదువు, మొదటి రెండూ వారం, తర్వాత రెండూ ఏడాది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, పాత రబ్బరు పైపులను, పంపులో డయాఫ్రమ్ అనే పల్చటి పొరను అది మెత్తబరుస్తుంది, అవి కొన్న వారమే మార్పిద్దాం, అగ్గితో పని కదా.

నడిపేటప్పుడు ఎలా ఉంటుందో కూడా ముందే చెబుతున్నా. హైదరాబాద్ నుంచి హన్మకొండకు నువ్వు ఇప్పుడు రెండున్నర గంటల్లో వస్తున్నావు, ఈ బండిలో నాలుగు అనుకో. గంటకు అరవై, అరవై ఐదు దాటిస్తే చప్పుడుకు పక్కవాడి మాట వినబడదు. ఏసీ లేదు, పవర్ స్టీరింగ్ లేదు, లీటరుకు ఆరు కిలోమీటర్లు వస్తే గొప్ప. మే నెలలో మన ఎండకు నడుం, తొడలు ఉడికిపోతాయి. అయినా పాకాల అడవిలో తొలకరి వాన పడ్డాక అద్దం కింద మూతలు తెరుచుకుని పోతుంటే మట్టి వాసన నేరుగా ముఖానికి తగులుతుంది, ఆ ఒక్క దానికోసం నేను రెండోది కొన్నాను, పదహారేళ్ల నుంచి అమ్మలేదు.

పైసల విషయంలో ఒకటే మాట, నీ దగ్గర ఉన్నదంతా కొనడానికే పెట్టకు. నాలుగో వంతు పక్కన పెట్టుకో, ఎంత మంచి బండి అయినా మొదటి ఏడాది అది తింటుంది. పార్టులు ఇంగ్లండులో ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి, తెప్పించుకోవచ్చు, కస్టమ్స్‌తో కలిపి లెక్క వేసుకో. చిన్న చిన్న బుషులు, పిన్నులు ఇక్కడే ఆటోనగర్‌లో లేత్ మీద చేయించుకుంటాను నేను. పానాలు మాత్రం మన మిల్లీమీటరువి పట్టవు, ఇంచీలవి కావాలి, నా దగ్గర రెండు సెట్లు ఉన్నాయి, ఒకటి నీదే.

వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి కాజీపేటలో రైలెక్కి వస్తాను, సికింద్రాబాద్ స్టేషన్‌కు నువ్వు రా. పాత చొక్కా వేసుకో, కిందికి దూరేది నువ్వే, నా మోకాళ్లు ఇప్పుడు సహకరించవు, నేను పక్కన కూర్చుని చప్పుడు వింటాను. శనివారం రాత్రి అమ్మేవాడికి ఫోన్ చేసి, మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని చెప్పు. ఆర్సీ జిరాక్స్ కాదు, అసలుది బయట పెట్టి ఉంచమను.

మీ మామ