ఏడాది సర్టిఫికెట్టా, పంపు గది అనుభవమా?

జగిత్యాల జిల్లా నుంచి ఒక తండ్రి ఉత్తరం రాశారు. ఆయన 18 ఏళ్లు దుబాయిలో భవన నిర్మాణ పనుల్లో ఉండి తిరిగి వచ్చారు. కుమారుడు ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, రెండేళ్లుగా హైదరాబాద్‌లోని ఒక పెద్ద వాణిజ్య భవనంలో కాంట్రాక్టు సంస్థ తరఫున టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాడు. ఆ పని మాన్పించి, లక్షన్నర ఫీజు కట్టి ‘ఫైర్ అండ్ సేఫ్టీ’ ఏడాది కోర్సులో చేరిస్తే గల్ఫ్‌లో సేఫ్టీ ఆఫీసర్‌గా స్థిరపడతాడా, లేక ఇక్కడే భవనాల అగ్నిప్రమాద భద్రత చూసే ఉద్యోగంలో పైకి వస్తాడా, రెండూ పోల్చి చెప్పమని ఆయన కోరారు.

అయ్యా, మీరు పోలిక అడిగారు కానీ, “ఇంకా ఎన్నాళ్లు స్క్రూడ్రైవర్ పట్టుకుని తిరుగుతాడు” అన్న వాక్యం దగ్గర మీ అసలు దిగులు బయటపడింది. ఈ దిగులుతో నాకు ఉత్తరాలు తరచుగా వస్తుంటాయి. కోర్సు పేరు మారుతుంది, బాధ మారదు. కాబట్టి ముందు దానికే సమాధానం చెబుతాను. మీ అబ్బాయి దారి తప్పలేదు. ఈ రంగానికి అసలైన బడి ఏదైనా ఉంటే, అతను ఇప్పుడు జీతం తీసుకుంటూ చదువుతున్నది ఆ బడిలోనే.

వాణిజ్య భవనంలో అగ్నిప్రమాద భద్రత అంటే గోడకు తగిలించిన ఎర్ర సిలిండర్లు మాత్రమే కాదు. బేస్‌మెంట్‌లోని పంపు గదిలో మూడు పంపులు ఉంటాయి. గొట్టాల్లో ఒత్తిడి కొద్దిగా తగ్గితే జాకీ పంపు అనే చిన్న పంపు తిరిగి సరిచేస్తుంది. నిజంగా మంట లేచి, పైకప్పు నుంచి నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్‌లోని ఎర్రని గాజు బల్బు 68 డిగ్రీల సెల్సియస్ దగ్గర పగిలి నీళ్లు పారడం మొదలైతే పెద్ద మోటారు అందుకుంటుంది. కరెంటు పోతే డీజిల్ పంపు అందుకోవాలి. ఇదంతా ప్యానెల్ మీది స్విచ్ ‘ఆటో’లో ఉంటేనే జరుగుతుంది. ఎక్కడో ఒక జాయింటు కారుతుంటే జాకీ పంపు ఊరికే తిరుగుతూ ఉంటుంది, ఆ మోత భరించలేక ఎవరో స్విచ్‌ను ‘ఆఫ్’కు తిప్పి వెళ్లిపోతారు. కొత్తగా అద్దెకు దిగిన ఆఫీసువాళ్లు ఇంటీరియర్ పనుల కోసం తమ అంతస్తు వాల్వును మూయించి, పని అయ్యాక తెరిపించడం మరచిపోతారు. ఆ తరువాత నెలల తరబడి కాగితం మీద భవనం క్షేమంగానే ఉంటుంది. ఆ స్విచ్చునూ ఆ వాల్వునూ రోజూ వెళ్లి చూసే మనిషే ఈ ఉద్యోగం.

2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో విద్యుత్ వాహనాల షోరూమ్‌లో లేచిన మంటల పొగ పైనున్న లాడ్జిలోకి ఎగబాకి ఎనిమిది మందిని బలి తీసుకుంది. ఆరు నెలలు తిరిగేసరికి, 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు పొగకు ఊపిరాడక చనిపోయారు. ఆ ఆరుగురూ మీ అబ్బాయిలాగే జిల్లాల నుంచి ఉద్యోగానికి వచ్చిన పిల్లలు. అందుకే మెట్ల మీద అట్టపెట్టెలు పేర్చనివ్వకపోవడం, పొగను ఆపే తలుపుకు ఎవరో పెట్టిన రాయిని తీసేయడం చిన్న పనులని నేను అనుకోను.

ఇక మీరు చేర్చాలనుకున్న కోర్సు సంగతి. ఇలాంటి సంస్థల ప్రకటనల్లో హెల్మెట్టు, మెరిసే జాకెట్టు వేసుకున్న విద్యార్థులు మైదానంలో పళ్లెంలో పెట్రోలు మంటను ఆర్పుతూ కనిపిస్తారు. వారిలో కొందరితో మాట్లాడాను. ఏడాది మొత్తంలో ఒక్కసారి కూడా పంపు గదిలోకి అడుగుపెట్టలేదని చెప్పారు. ‘నూరు శాతం ఉద్యోగం’ అన్న మాటను ఎవరైనా స్టాంపు కాగితం మీద రాసిస్తారేమో అడిగి చూడండి. గల్ఫ్ కంపెనీలు అడిగే నెబోష్‌కు, అంటే బ్రిటన్ సంస్థ ఇచ్చే భద్రతా సర్టిఫికెట్‌కు, విలువ లేదని నేను అనను. కానీ అందరూ రాసే దాని జనరల్ సర్టిఫికెట్ పని ప్రదేశాల్లో ప్రమాదాలను అంచనా వేయడం నేర్పుతుందే తప్ప పంపులను బాగుచేయడం నేర్పదు. పైగా దాన్ని ఉద్యోగం చేసుకుంటూనే రాయవచ్చు. సైట్లలో సేఫ్టీ జాకెట్ వేసుకున్న వాళ్లలో పని తెలిసినవాడెవరో, కాగితం మాత్రమే ఉన్నవాడెవరో నాకంటే మీకే బాగా తెలుసు. తెలిసి కూడా, రెండేళ్ల అనుభవాన్ని మధ్యలో తెంపి, అబ్బాయిని రెండో వరుసలో నిలబెట్టడానికి లక్షన్నర అప్పు చేస్తారా?

కటువుగా అనిపించినా ఒక మాట చెప్పాలి. మీ ఉత్తరం మూడు పేజీలు. దుబాయి జీతం నాలుగు చోట్ల, బెంగళూరులోని మీ మేనల్లుడి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రెండు చోట్ల ఉన్నాయి. అబ్బాయి ఏమంటున్నాడన్నది ఒక్క పంక్తిలో కూడా లేదు. 18 ఏళ్లు మీరు ఎండలో పడిన కష్టం అతను పడకూడదన్న తపన నాకు అర్థమవుతుంది, కానీ ఆ తపన మేనల్లుడితో పోటీగా మారితే నష్టపోయేది అబ్బాయే.

ఇక్కడి ఉద్యోగంలో ఇబ్బందులు లేవని చెప్పను. కాంట్రాక్టు జీతం తక్కువ, రాత్రి షిఫ్టులు తప్పవు. అన్నింటికంటే పెద్ద చిక్కు, తిప్పని పంపును తిప్పినట్టు రిజిస్టరులో సంతకం పెట్టమని పైవాళ్లు అడిగే రోజు వస్తుంది. ఆ సంతకం పెట్టనన్నందుకు ఉద్యోగం పోయిందని అతను ఇంటికి వస్తే మీరు తిట్టకూడదు.

ఆరు నెలల పాటు నిర్వహణ కాంట్రాక్టర్లు పరీక్షలకు వచ్చినప్పుడల్లా అతన్ని వాళ్ల వెంట ఉండమనండి. జాతీయ భవన నియమావళి 2016లో నాలుగో భాగం పూర్తిగా అగ్నిప్రమాద భద్రత గురించే. దాన్ని భవనం డ్రాయింగులతో పక్కపక్కన పెట్టుకుని చదవమనండి. ఆ తరువాత నెబోష్ రాయించండి, ఆపైన గల్ఫ్‌కు దరఖాస్తు చేసినా అనుభవం ఉన్నవాడిగా చేస్తాడు. అగ్నిమాపక శాఖ వైపు మనసుంటే నాగ్‌పూర్‌లోని జాతీయ అగ్నిమాపక సేవా కళాశాల కోర్సుల అర్హతలు చూడవచ్చు. రసాయన కర్మాగారాల్లో సేఫ్టీ ఆఫీసర్ కావాలంటే మాత్రం పారిశ్రామిక భద్రతలో గుర్తింపు పొందిన అడ్వాన్స్‌డ్ డిప్లొమా కావాలి, దానికి ఈ ఏడాది కోర్సు సాటి రాదు.

అబ్బాయి ఈసారి ఇంటికి వచ్చినప్పుడు, వాళ్ల భవనంలో జాకీ పంపు రోజుకు ఎన్నిసార్లు తిరుగుతోందో అడగండి. వెంటనే జవాబు చెప్పి, ఎందుకు తిరుగుతోందో కూడా వివరించాడంటే, అప్పు ఆలోచన మానుకుని ఇంకో ఏడాది అతన్ని అక్కడే ఉండనివ్వండి.