లైన్లో నిలబడలేని పిల్లలు, నడవలేని పెద్దలు: థీమ్ పార్కుల మీద మీ ప్రశ్నలు

వేసవి సెలవులు దగ్గర పడేసరికి థీమ్ పార్కుల మీద ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువ భాగం అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలవి, ఒకటి హైదరాబాదుది. పార్కుల నియమాలు తరచూ మారుతుంటాయి. ఇక్కడి జవాబులు చదివాక, బయల్దేరే ముందు ఆయా పార్కుల వెబ్‌సైట్లో యాక్సెసిబిలిటీ పేజీ కూడా ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్ళు, ఆటిజం ఉంది. ఆర్లాండో డిస్నీ వరల్డ్‌కు వెళ్తున్నాం. పావుగంట దాటి లైన్లో ఉంచితే చెవులు మూసుకుని నేల మీద పడిపోతాడు. డిజేబిలిటీ యాక్సెస్ సర్వీస్ కోసం ఎలా అడగాలి? డాక్టరు సర్టిఫికెట్ చూపిస్తే చాలా? — ఒక తల్లి, డాలస్

జవాబు: సర్టిఫికెట్ వెతుక్కునే పని పెట్టుకోకండి, డిస్నీ వాళ్ళు దాన్ని అడగరు. మీ మాటలు విని నిర్ణయిస్తారు. అందుకే ఏం చెప్పాలో ముందే కాగితం మీద రాసుకోవాలి.

అందరూ డాస్ అని పిలిచే ఈ సదుపాయం (లైన్లో నిలబడకుండా బయట ఎదురుచూసి, ఇచ్చిన టైముకు తిరిగి వచ్చే ఏర్పాటు) 2013 అక్టోబరులో మొదలైంది. అంతకు ముందు గెస్ట్ అసిస్టెన్స్ కార్డు ఉండేది. దాన్ని దుర్వినియోగం చేస్తున్నారని గొడవ రేగడంతో తీసేశారు. డాస్‌ను కూడా 2024లో బాగా కుదించారు. ఫ్లోరిడాలో మే 20 నుంచి, కాలిఫోర్నియాలో జూన్ 18 నుంచి కొత్త నియమం వచ్చింది. ఆటిజం లేదా అలాంటి ఎదుగుదల సమస్య వల్ల మామూలు లైన్లో ఎక్కువసేపు ఉండలేనివారికే ఇది అన్నారు. కాబట్టి జబ్బు పేరు చెబితే సరిపోదు. లైన్లో ఏమవుతుందో, ఎందుకు ఉండలేడో వాళ్ళకు అర్థం కావాలి.

ఫ్లోరిడాలో కొత్తగా నమోదు చేసుకోవాలంటే వీడియో కాల్ ఒక్కటే దారి. పార్కు గేటు దగ్గరికి వెళ్ళి అడిగినా ఫోన్లోనే చేసుకోమంటారు. ఇంటి నుంచే, మంచి వైఫై ఉన్న చోట, ప్రయాణానికి వారం పది రోజుల ముందే చేసేయండి. కాల్ కలవడానికే చాలాసేపు పట్టవచ్చు. కాల్ సమయంలో బాబు మీ పక్కన ఉండాలి. మాట్లాడక్కర్లేదు గాని కనిపించాలి, ఫోటో కూడా తీసుకుంటారు. అవసరమైతే కంపెనీ నియమించుకున్న ఆరోగ్య నిపుణులు కాల్‌లోకి వస్తారు.

చాలామంది "ఆటిజం, లెవెల్ 2" అని చెప్పి ఊరుకుంటారు. అక్కడే పని చెడుతుంది. మీరు చెప్పాల్సింది ఇలా ఉండాలి: "పావుగంట దాటాక వెనక్కీ ముందుకీ కదలలేని చోట ఉంటే చెవులు మూసుకుంటాడు, తర్వాత కింద పడి తల కొట్టుకుంటాడు. హెడ్‌ఫోన్లు పెట్టినా ఆగదు, ఎందుకంటే వాడి ఇబ్బంది శబ్దం ఒక్కటే కాదు, చుట్టూ మనుషులు ఒరుసుకోవడం. బయటికి తీసుకొస్తే అరగంటకు గాని తేరుకోడు." ఈ హెడ్‌ఫోన్ల మాట ఎందుకంటే, డాస్ బదులు వేరే మార్గం సరిపోతుందేమోనని వాళ్ళు తప్పక అడుగుతారు. లైన్లోంచి బయటికి వచ్చి మళ్ళీ చేరే వీలుంది కదా అనవచ్చు. తల్లి లైన్లో నిలబడి, పిల్లాడు తర్వాత వచ్చి కలిసే పద్ధతి ఉంది కదా అనవచ్చు. అవి మీ బాబుకు ఎందుకు పనికిరావో ఒక్కొక్క వాక్యంలో చెప్పగలగాలి. జరిగేదే చెప్పండి, పెంచి చెప్పకండి. అబద్ధమని తేలితే పార్కుల్లోకి శాశ్వతంగా రానివ్వబోమని వాళ్ళ నియమాల్లోనే రాసి ఉంది.

డాస్ దొరికాక కూడా ఒక అపోహ పోవాలి. ఇది ఎదురుచూపును తగ్గించదు. ఎదురుచూసే చోటును మాత్రం మారుస్తుంది. రైడ్ దగ్గర 70 నిమిషాల లైన్ ఉంటే యాప్‌లో దాదాపు అంత సమయం తర్వాత రమ్మని టైము వస్తుంది. ఆ గంటా బాబు లైన్ బయట ఉంటాడు. నీడ, బాత్రూమ్, తినడానికి వాడికి అలవాటైన పులిహోరో ఉప్మానో, ఇవన్నీ ఆ గంటలో సర్దుకోండి. ఇచ్చిన టైము దాటాకే వెళ్ళాలి గాని, దాటిన వెంటనే వెళ్ళాలని లేదు. ఒకసారికి ఒక్క రైడ్‌కే టైము తీసుకోవచ్చు, అది వాడాకే ఇంకొకటి. లోపల డాస్ వాళ్ళను పంపే వేరే లైనులో (లైట్నింగ్ లేన్) కూడా కొంతసేపు నిలబడక తప్పదు, ఆ సంగతి పిల్లాడికి బొమ్మలతో ముందే చెప్పి ఉంచండి.

ఎవరి పేరున డాస్ ఉందో వాళ్ళు రైడ్ ఎక్కాల్సిందే. బాబును బయట కూర్చోబెట్టి మిగతావాళ్ళు వెళ్ళడానికి లేదు. మనవాళ్ళు రెండు మూడు కుటుంబాలు కలిసి వెళ్తారు కాబట్టి ఇదీ గుర్తుంచుకోండి: బాబుతో కలిపి మామూలుగా నలుగురికే. సొంత కుటుంబమే అంతకన్నా పెద్దదైతే కాల్‌లోనే చెప్పండి. స్నేహితుల కుటుంబాలను మాత్రం కలపరు.

ప్రశ్న: మా అత్తగారికి 71 ఏళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. విజిటర్ వీసా మీద విజయవాడ నుంచి వచ్చారు. ఆవిడకు డాస్ ఇస్తారా? — ఒక కోడలు, టాంపా

జవాబు: ఇవ్వరు. నడక ఇబ్బందికి డాస్ వర్తించదు. అక్కడ జవాబు వీల్‌చైర్ లేదా బ్యాటరీ స్కూటర్. డిస్నీ వరల్డ్‌లో చాలా రైడ్ల లైన్లు వీల్‌చైర్ పట్టే వెడల్పుతో కట్టారు, కాబట్టి అందరితో పాటే లోపలికి వెళ్తారు. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో పాతకాలపు రైడ్లు కొన్నిటికి వీల్‌చైర్ పట్టే లైను లేదు. అక్కడ సిబ్బంది తిరిగి రావాల్సిన టైము ఇచ్చి వేరే దారిలో ఎక్కిస్తారు.

అసలు చిక్కు రైడ్ ఎక్కే చోట వస్తుంది. కొన్నిటిలో కుర్చీతో సహా ఎక్కవచ్చు. కొన్నిటికి స్కూటర్ దిగి మామూలు వీల్‌చైర్‌లోకి మారాలి. చాలావాటికి కుర్చీలోంచి లేచి రైడ్ సీట్లోకి మారాలి. సిబ్బంది మనుషుల్ని ఎత్తి కూర్చోబెట్టరు, ఆ పని మీరే చేయాలి. ఇంట్లో తక్కువ ఎత్తు సోఫాలోంచి అత్తగారు ఒకరి చేయి పట్టుకుని లేవగలరా, పక్కకు జరిగి కూర్చోగలరా, ఒకసారి చేయించి చూడండి. లేవలేకపోతే ఏయే రైడ్లకు వెళ్ళాలో పార్కు ఇచ్చే యాక్సెసిబిలిటీ గైడ్‌లో చూసి ముందే గుర్తు పెట్టుకోండి. "ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్"లో వీల్‌చైర్‌తోనే ఎక్కే పడవ ఉంటుంది, లైన్ మొదట్లోనే అడగాలి.

స్కూటర్ నడపడానికి 18 నిండాలి, మనవడికి ఇవ్వరు. చీర కుచ్చిళ్ళు, పమిట కొంగు చక్రాల్లో పడే ప్రమాదం ఉంది. పంజాబీ డ్రెస్ అలవాటు లేకపోతే కొంగు నడుము చుట్టూ దోపి, కుచ్చిళ్ళు పైకి పిన్ను పెట్టండి. వీల్‌చైర్‌లో కూర్చోమంటే మన పెద్దవాళ్ళు చిన్నతనంగా అనుకుంటారు. పార్కు లోపల రోజుకు మైళ్ళ కొద్దీ నడక ఉంటుందని ముందే చెప్పండి. మధ్యాహ్నానికి మోకాళ్ళు వాచాక కూర్చుంటే ఆ రోజంతా పోయినట్టే.

వీసా గురించి బెంగ వద్దు. అమెరికా వికలాంగుల చట్టం ఆ గడ్డ మీద ఉన్న అందరికీ వర్తిస్తుంది, పౌరసత్వంతో పని లేదు.

ప్రశ్న: ఇన్సులిన్ లోపలికి తీసుకెళ్ళనిస్తారా? — ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: డిస్నీ పార్కుల్లో తీసుకెళ్ళవచ్చు. విడి ఐసు, డ్రై ఐసు, గాజు సీసాలు వద్దంటారు, కాబట్టి గడ్డకట్టించిన జెల్ ప్యాకులు వాడండి. లోపల ఫస్ట్ ఎయిడ్ సెంటర్లలో మందులు చల్లగా ఉంచడానికి వీలుంది. తినడానికి బయటి తిండి కూడా తీసుకెళ్ళవచ్చు.

ప్రశ్న: యూనివర్సల్‌లోనూ, మా దగ్గరున్న సిక్స్ ఫ్లాగ్స్‌లోనూ ఏదో కార్డు అడుగుతున్నారు. డిస్నీ వాళ్ళలాగే మాట్లాడితే సరిపోదా? — న్యూజెర్సీ

జవాబు: సరిపోదు. ఇక్కడ కాగితాలు కావాలి. ఐబీసీసీఈఎస్ అనే సంస్థ ఇచ్చే యాక్సెసిబిలిటీ కార్డు అది. ఉచితం, ఆన్‌లైన్లో తీసుకోవాలి. ఫోటోతో పాటు డాక్టరు లేఖ, లేదా స్కూలు ఇచ్చే ఐఈపీ (ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువు ప్రణాళిక) లాంటి పత్రం ఎక్కించాలి. వెళ్ళడానికి కనీసం 48 గంటల ముందు పూర్తి చేయమంటారు, వారం ముందే చేస్తే నిశ్చింత. డాక్టరు లేఖలో సంతకం, తేదీ ఉండాలి. జబ్బు పేరుతో ఆపేయకుండా "ఎక్కువసేపు లైన్లో నిలబడలేరు, కారణం ఇది" అని రాయించుకోండి.

కార్డు వచ్చినంత మాత్రాన పాసు వచ్చినట్టు కాదు. ఏ వెసులుబాటు ఇవ్వాలో పార్కే నిర్ణయిస్తుంది. యూనివర్సల్ వాళ్ళు ఈ నమోదు అయ్యాక మిమ్మల్ని సంప్రదించి మాట్లాడతారు. తెలియని నంబరని కాల్ కట్ చేసేవాళ్ళు చాలామంది, ఆ కొన్ని రోజులూ ఎత్తండి.

మీకు దగ్గర్లో పెన్సిల్వేనియాలో సెసమీ ప్లేస్ ఉంది. ఆటిజం ఉన్నవారికి అనువైనదిగా 2018లో "సర్టిఫైడ్ ఆటిజం సెంటర్" ధ్రువీకరణ పొందిన మొదటి థీమ్ పార్కు అదే. ఏ రైడ్‌లో శబ్దం ఎంత, వెలుతురు ఎంత, తాకిడి ఎంత అన్నది రైడ్ వారీగా అంకెలతో చెబుతారు. చిన్న పిల్లలకు మొదటి అనుభవంగా అదే నయం.

ప్రశ్న: ఒక పార్కులో మా పాపకు ముందే పాసు ఇచ్చారు. రైడ్ దగ్గర ఉద్యోగి మాత్రం "పాప బాగానే ఉందిగా" అని అందరి ముందూ అని లోపలికి పంపలేదు. ఆఫీసులో అడిగితే గంట కూర్చోబెట్టి రెండు ఐస్‌క్రీమ్ కూపన్లు ఇచ్చారు. ఏం చేయగలం? — శాన్ హోసే

జవాబు: పాప ముందే ఆ మాట అనడం క్షమించరాని తప్పు. కూపన్లతో తీరేది కాదు.

ఇలాంటప్పుడు రైడ్ దగ్గర వాదించకండి. అక్కడి ఉద్యోగికి పాసు నియమం మీద ఏ అధికారమూ ఉండదు, వెనక లైన్ పెరుగుతున్న కొద్దీ గొంతులు పెరుగుతాయి, పాప బెదిరిపోతుంది. రైడ్ పేరు, గడియారంలో సమయం, బ్యాడ్జీ మీద పేరు ఫోన్లో రాసుకుని పక్కకు రండి. ఆ రైడ్ సూపర్‌వైజర్‌ను పిలిపించమనండి. "ఏ నియమం ప్రకారం ఆపారు, రాసి ఇవ్వండి" అని ఒక్కటే ప్రశ్న అడగండి. రాసివ్వరు గాని, ఆ ప్రశ్నతో సగం గొడవలు అక్కడే సర్దుకుంటాయి. తేలకపోతే పార్కులో సందర్శకుల సహాయ కార్యాలయానికి (గెస్ట్ రిలేషన్స్) వెళ్ళి ఫిర్యాదు నంబరు తీసుకోండి.

ఆ రాత్రే ఈమెయిల్ పంపండి. తేదీ, టిక్కెట్టు నంబరు, పాసు ఎప్పుడు మంజూరైంది, ఎవరు ఏ మాట అన్నారు, మీకు ఏం కావాలి, అన్నీ ఒక పేజీలో. టిక్కెట్టు డబ్బు వాపసు అడగండి, కానీ అదే మొదటి వాక్యం కాకూడదు. మొదట రాయాల్సింది మంజూరు చేసిన వెసులుబాటును నిరాకరించారన్న మాట. ఆలస్యమైపోయిందని అనుకోకండి, ఇప్పుడైనా రాయండి.

1990 నాటి అమెరికా వికలాంగుల చట్టం ప్రైవేటు పార్కులకూ వర్తిస్తుంది. తమ సేవ స్వరూపమే మారిపోయేంత మార్పు కానంతవరకూ సహేతుకమైన వెసులుబాటు ఇవ్వాలి. భద్రత పేరుతో ఆపాలంటే నిజమైన ప్రమాదం ఆధారంగా ఉండాలి, ఊహల మీద కాదు. ఫిర్యాదు అమెరికా న్యాయశాఖ పౌరహక్కుల విభాగానికి ఆన్‌లైన్లో ఉచితంగా పంపవచ్చు. కొన్నిటిని వాళ్ళు మధ్యవర్తిత్వానికి పంపుతారు. ఈ చట్టం కింద కోర్టుకెళ్తే పద్ధతి మార్చమన్న ఆదేశం, లాయరు ఖర్చులు వస్తాయి గాని నష్టపరిహారం రాదు. అయితే మీరు కాలిఫోర్నియాలో ఉన్నారు. సంఘటన అక్కడే జరిగితే ఆ రాష్ట్రపు అన్‌రూ చట్టం కింద ఒక్కో ఉల్లంఘనకు కనీసం 4,000 డాలర్లు అడగవచ్చు.

ఎంతవరకు అడగవచ్చో కూడా తెలిసి ఉండాలి. ఆటిజం ఉన్న ఒక యువకుడి తరఫున, ఎదురుచూపు లేకుండా రైడ్లు ఎక్కనివ్వాలని డిస్నీ మీద కేసు వేశారు. 2018లో అప్పీలు కోర్టు విచారణ జరపమని పంపింది, 2020లో తీర్పు డిస్నీకి అనుకూలంగా వచ్చింది, 2022లో అప్పీలు కోర్టు దాన్నే ఖాయం చేసింది. అంటే అసలు ఎదురుచూడకుండా పంపమని అడిగితే నిలబడటం కష్టం. మీది అలాంటి కేసు కాదు, ఇచ్చిన పాసునే కాదన్నారు.

ప్రశ్న: హైదరాబాద్ దగ్గర ఒక పార్కులో డౌన్ సిండ్రోమ్ ఉన్న మా తమ్ముణ్ణి నిదానంగా తిరిగే రైడ్ కూడా ఎక్కనివ్వలేదు. టిక్కెట్టు మాత్రం పూర్తిగా తీసుకున్నారు. — ఉప్పల్

జవాబు: మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉంది. వైకల్యం కారణంగా వివక్ష చూపకూడదని 3వ సెక్షన్, ప్రైవేటు సేవలకు కూడా అందుబాటు నియమాలు వర్తిస్తాయని 46వ సెక్షన్ చెబుతాయి. ఉల్లంఘనకు మొదటిసారి 10,000 రూపాయల వరకు, మళ్ళీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల వరకు జరిమానా. పదిమందిలో కావాలని అవమానిస్తే 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి అయిదేళ్ళ జైలు.

మొదట పార్కుకు రాతపూర్వకంగా రాసి, ఏ భద్రతా కారణంతో ఆపారో అడగండి. రైడ్ తయారీదారు రాసిన ఎత్తు, బరువు పరిమితులు చూపితే అది ఒక కారణం. "ఇలాంటి వాళ్ళను ఎక్కించం" అన్నది కారణం కాదు. జవాబు రాకపోతే సదరం సర్టిఫికెట్ లేదా యూడీఐడీ కార్డు (వికలాంగులకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు), టిక్కెట్టు, ఉత్తరం నకలు జత చేసి రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు పంపండి. టిక్కెట్టు కొన్నారు కాబట్టి మీరు వినియోగదారులు కూడా. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు పెట్టండి. చెల్లించిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్ళు. టిక్కెట్టు పారేయకండి.

ప్రశ్న: వీల్‌చైర్ పిల్లలు అన్నీ ఎక్కగలిగే పార్కు అసలు ఉందా? — హ్యూస్టన్

జవాబు: మీకు కారులో వెళ్ళే దూరంలోనే ఉంది. శాన్ ఆంటోనియోలో 2010లో తెరిచిన మోర్గాన్స్ వండర్‌ల్యాండ్‌ను వైకల్యం ఉన్నవారిని దృష్టిలో పెట్టుకునే కట్టారు. రంగులరాట్నం, జెయింట్ వీల్ వీల్‌చైర్‌తో సహా ఎక్కవచ్చు. వైకల్యం ఉన్నవారికి ప్రవేశం ఉచితం. పక్కనే 2017లో తెరిచిన నీటి పార్కు ఉంది. బ్యాటరీ కుర్చీ నీళ్ళలో పాడవుతుంది కాబట్టి, అక్కడ నొక్కిపెట్టిన గాలితో నడిచే కుర్చీలు ఉంచారు. పిల్లాణ్ణి తన కుర్చీలోంచి అందులోకి మార్చాలి, మీరిద్దరూ ఉండేలా చూసుకోండి, ఒక తువ్వాలు అదనంగా పెట్టుకోండి. తెరిచే రోజులు కాలాన్ని బట్టి మారతాయి, ముందుగా వాళ్ళ క్యాలెండర్ చూసి బయల్దేరండి.