1960ల అమెరికా తిరుగుబాట్లు మేలు చేశాయా? మిల్వాకీ నుంచి నా జవాబు

ప్రశ్న ఇది: 1960లలో అమెరికాను కుదిపేసిన ఉద్యమాలు, హిప్పీల ధోరణి, అన్నీ కలిపి చూస్తే చివరికి ఆ సమాజానికి మేలు జరిగిందా, చెడు జరిగిందా?

మేలు జరిగిందనే నా నమ్మకం. అయితే ఆ మేలు ఎవరికి దక్కిందో, దానికి ఎవరు మూల్యం కట్టారో కూడా చెప్పాలి. నేను చరిత్ర చదువుకున్నదాన్ని కాదు. 1988లో గుంటూరు నుంచి విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌కి ఫిజిక్స్‌లో ఎమ్మెస్ చేయడానికి వచ్చాను. చదువయ్యాక మిల్వాకీలో స్కానింగ్ యంత్రాలు తయారుచేసే ఒక కంపెనీలో ఉద్యోగం దొరికింది. అప్పటి నుంచి ఇక్కడే ఉన్నాను. ఈ రెండు ఊళ్లూ ఆ దశాబ్దంలో బాగా నలిగిపోయినవే. కాబట్టి ఇక్కడ చూసినవి, ఇక్కడి పెద్దవాళ్ల నోట విన్నవి రాస్తాను.

మన తెలుగువాళ్లు నలుగురు చేరిన చోట ఈ సంగతి వస్తే సాధారణంగా వినపడే మాట ఒకటుంది. జుట్టు పెంచుకుని, గంజాయి తాగి, కుటుంబాల్ని పాడుచేసుకున్న తరం అని. వచ్చిన కొత్తలో నేనూ అలాగే అనుకునేదాన్ని. మా పెదనాన్నగారి అబ్బాయి గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి 1972లో డెట్రాయిట్ వచ్చాడు. మా ఇంట్లో అమెరికా అంటే అన్నయ్య పంపే ఫోటోలే. అన్నయ్య తెలివైనవాడు, కష్టపడ్డాడు, అందుకే వెళ్లగలిగాడు అని మా అమ్మ అందరికీ చెప్పేది. అది నిజమే. కానీ అంతే తెలివైన డాక్టర్ 1955లో బయల్దేరి ఉంటే? అప్పట్లో భారతదేశం మొత్తానికి అమెరికా ఇచ్చే కోటా ఏడాదికి 100 మంది. అది కూడా 1946 నుంచే. అంతకు ముందు 1923లో అక్కడి సుప్రీంకోర్టు, భారతీయులు తెల్లవాళ్ల లెక్కలోకి రారు, పౌరసత్వం కుదరదు అని తీర్పు ఇచ్చింది.

ఆ తలుపు తెరిచింది 1965 అక్టోబర్‌లో వచ్చిన వలస చట్టం. ఏ దేశంలో పుట్టావన్న లెక్కతో మనుషుల్ని వడగట్టే పద్ధతిని అది ఎత్తేసింది. అంతకు ముందు ఏడాది జులైలో పౌర హక్కుల చట్టం వచ్చింది. వలస చట్టానికి రెండు నెలల ముందు, ఆగస్టులో, ఓటు హక్కు చట్టం. ఈ మూడూ ఒకే ఊపులో వచ్చాయి. ఒంటి రంగు చూసి మనిషిని దూరం పెట్టడం తప్పు అని దేశమంతా వినేలా చెప్పించినవాళ్లు నల్లజాతి విద్యార్థులు, పాస్టర్లు, పనిమనుషులు. వలస చట్టం కోసం మనవాళ్లెవరూ వీధుల్లో నడవలేదు. ఆసియా నుంచి ఇంతమంది వస్తారని ఆ చట్టం చేసినవాళ్లే ఊహించలేదు. అదే ఏడాది వృద్ధులకు మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా కూడా రావడంతో ఆసుపత్రులకు డాక్టర్ల అవసరం పెరిగింది. తెల్లవాళ్లకొక వార్డు, నల్లవాళ్లకొక వార్డు పెట్టుకున్న ఆసుపత్రులకు మెడికేర్ డబ్బు ఇచ్చేది లేదని ప్రభుత్వం పట్టుబట్టింది. అన్నయ్య రాత్రి డ్యూటీలు చేసిన ఆసుపత్రి వెనక ఇంత కథ ఉందని నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. అన్నయ్యకూ తెలియదు.

ఇంకో సంగతి మనవాళ్లకు గుర్తుచేయాలనిపిస్తుంది. 1964 మేలో రామ్ మనోహర్ లోహియా మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్ వెళ్లారు. అప్పటికి ఆయన మన పార్లమెంటు సభ్యుడు. తెల్లవాళ్లకు మాత్రమే అన్నం పెట్టే హోటల్లోకి వెళ్లబోతే పోలీసులు పట్టుకుపోయారు. ఎంపీకే ఆ గతి పట్టిందంటే, సూట్‌కేసుతో దిగే మనలాంటి విద్యార్థి సంగతి చెప్పాలా?

నల్లవాళ్ల ఈ పౌర హక్కుల ఉద్యమంలో నేను అన్నిటికంటే గౌరవించేది దాని వెనక ఉన్న అభ్యాసం. 1960 ఫిబ్రవరి 1న నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు కాలేజీ కుర్రాళ్లు తెల్లవాళ్లకే కేటాయించిన భోజన కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. ఇవ్వకపోతే లేవలేదు. కొన్ని వారాల్లోనే ఇది ఊరూరా పాకింది. నాష్‌విల్‌లో ఇలా కూర్చునే పిల్లలకు ముందుగానే తర్ఫీదు ఉండేది. తిట్టినా, మీద ఉమ్మినా, కుర్చీలోంచి లాగేసినా తిరిగి చెయ్యెత్తకుండా ఉండటం ఎలాగో ఒకరి మీద ఒకరు సాధన చేసేవాళ్లు. ఆ తరగతులు నడిపిన జేమ్స్ లాసన్ మన నాగ్‌పూర్‌లో సుమారు మూడేళ్లు ఉండి, గాంధీ పద్ధతిని దగ్గరగా చూసి వెళ్లినవాడు. ఇరవై ఏళ్ల పిల్లలు ఒంటిని, కోపాన్ని అంత అదుపులో పెట్టుకోవడం ఎంత కష్టమో ఆ వయసు పిల్లలున్న తల్లిగా నాకు తెలుసు.

ఇక హిప్పీల విషయం. ఉద్యమకారులు వేరు, హిప్పీలు వేరు అని గీత గీయడం తేలికే. మాడిసన్‌లో మాత్రం వాళ్లంతా ఒకే వీధుల్లో ఉండేవాళ్లు. 1988లో నాకు కందిపప్పు దొరికే చోటు తెలియదు. సీనియర్ ఒకమ్మాయి విల్లీ స్ట్రీట్ కోఆప్‌కి తీసుకెళ్లింది. 1974లో మొదలైన సహకార దుకాణం అది. పెద్ద పెద్ద డబ్బాల్లో పప్పులు, బియ్యం, దినుసులు పోసి ఉంటే మనమే గరిటెతో సంచిలో పోసుకుని తూచుకోవాలి. పసుపు బఠాణీ బద్దలతో పప్పు చేసుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ కలుపుకుని తింటే ఆ చలికాలం గడిచింది. మిగతా సూపర్ మార్కెట్లలో నాకు కనిపించినవి డబ్బాలో ఉడికించి పెట్టిన బీన్సే. మాంసం లేని భోజనం, పెరుగు, యోగా, దినుసులు పొడిగా కొనుక్కోవడం, ఇవన్నీ ఆ జుట్టు పెంచుకున్నవాళ్లు ఇష్టంగా పట్టుకొచ్చినవే.

ఆ దుకాణంలో పనిచేసే ఒక పెద్దాయన నాతో బాగా మాట్లాడేవారు. 1967 అక్టోబర్ 18న యూనివర్సిటీలో డౌ కెమికల్ కంపెనీ ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు పెడితే అడ్డంగా కూర్చున్న విద్యార్థుల్లో ఆయనా ఉన్నారట. వియత్నాం యుద్ధంలో పల్లెల మీద పోసిన నాపామ్, అంటే ఒంటికి అంటుకుని మండే రసాయనం, ఆ కంపెనీదే. పోలీసులు లాఠీలతో లోపలికొచ్చి తలలు పగలగొట్టారు, బయట టియర్ గ్యాస్ వదిలారు. ఆయన నుదుటి మీద మచ్చ నేను చూశాను. కానీ ఆయన ఎక్కువగా చెప్పింది తమ్ముడి గురించి. ఆ తమ్ముడు 1969లో శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లాడు, మాదకద్రవ్యాలకు బానిసయ్యాడు, మూడేళ్లకు తిరిగొచ్చినా మనిషి మామూలు కాలేదు. తల్లి పోయేదాకా ఆ కొడుకుని పసిపిల్లాణ్ణి చూసినట్టు చూసుకుందట. స్వేచ్ఛ అని పేరు పెట్టి మేం ఒకర్నొకరు గాలికి వదిలేశాం అని ఆయన చెప్పినప్పుడు నాకు మాట రాలేదు. మాదకద్రవ్యాల వల్ల చెడిపోయిన ఇళ్ల గురించి మనవాళ్లు అనే మాటలో అబద్ధం లేదు. దాన్ని ఒప్పుకోకుండా ఆ దశాబ్దాన్ని పొగడటం నాకు చేతకాదు.

అంతకంటే నన్ను కలచివేసేది నేను రోజూ క్లాసులకు వెళ్లిన భవనం సంగతి. మా ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ స్టెర్లింగ్ హాల్‌లో ఉండేది. అదే భవనం పై అంతస్తుల్లో ఒకప్పుడు సైన్యం డబ్బుతో నడిచే గణిత పరిశోధన కేంద్రం ఉండేది. 1970 ఆగస్టు 24 తెల్లవారుజామున, యుద్ధాన్ని వ్యతిరేకించే నలుగురు కుర్రాళ్లు వ్యానులో పేలుడు పదార్థం నింపి ఆ భవనం పక్కన పెట్టి పేల్చారు. వాళ్ల గురి సైన్యం మీద. చనిపోయింది రాబర్ట్ ఫాస్‌నాక్ట్ అనే 33 ఏళ్ల భౌతిక శాస్త్రవేత్త. కింది అంతస్తులో రాత్రంతా ప్రయోగం చూసుకుంటున్నాడు. ముగ్గురు చిన్న పిల్లల తండ్రి. ఆ గణిత కేంద్రానికి పెద్దగా దెబ్బ తగల్లేదు. నలుగురిలో ఒకడు ఈ రోజుకీ దొరకలేదు.

నేను అక్కడ చదివిన రోజుల్లో గోడ మీద ఆయన పేరు కూడా లేదు. ఫలకం పెట్టింది 2007లో. ల్యాబులో రాత్రిళ్లు ఒంటరిగా పనిచేస్తున్నప్పుడు ఆయన గుర్తొచ్చి చాలాసార్లు లేచి వరండాలోకి వచ్చి నిలబడ్డాను. నాగ్‌పూర్‌లో నేర్చుకున్న ఓర్పు దగ్గర మొదలైన దశాబ్దం చివరికి ఈ వ్యాను దగ్గరికి ఎలా వచ్చిందా అని ఆలోచించేదాన్ని. యుద్ధం ఆగట్లేదు, 58 వేలకు పైగా అమెరికన్లు, లక్షల మంది వియత్నామీలు చచ్చిపోయిన యుద్ధం అది. దాన్ని ఆపలేకపోతున్నామన్న ఉక్రోషం నాకు అర్థమవుతుంది. అయినా ఆ పేలుడు ఉద్యమానికి బలమివ్వలేదు. అప్పటిదాకా నిరసనల్లో ఉన్న మామూలు జనం మాడిసన్‌లో ఇళ్లకు వెళ్లిపోయారని ఆ పెద్దాయనే చెప్పారు.

ఇప్పుడు మిల్వాకీకి వస్తాను. ఊరి మధ్యలో మెనామొనీ లోయ. దాని మీద 16వ వీధి వంతెన. ఉత్తరాన నల్లవాళ్లు, దక్షిణాన ఎక్కువగా పోలండ్ నుంచి వచ్చిన తెల్లవాళ్లు. నల్లవాళ్లకు అటువైపు ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు కాదు, అమ్మేవాళ్లు కాదు. వెల్ ఫిలిప్స్ అనే మహిళ 1956లో మిల్వాకీ నగర మండలికి ఎన్నికయ్యారు. ఇళ్ల విషయంలో ఈ వివక్ష కుదరదని 1962 నుంచి నాలుగుసార్లు తీర్మానం పెట్టారు. ప్రతిసారీ దానికి పడిన ఓటు ఒక్కటే, ఆవిడదే. అప్పుడు 1967 ఆగస్టు 28న అక్కడి యువజన బృందం, జేమ్స్ గ్రోపీ అనే ఫాదర్ తోడుగా, ఆ వంతెన దాటి నడిచింది. అవతల వేలమంది రాళ్లు, సీసాలు పట్టుకుని ఎదురొచ్చారు. మర్నాడూ నడిచారు. అలా వరసగా 200 రోజులు, ఇక్కడి చలికాలం అంతా కలిపి. జనవరిలో మిల్వాకీ చలి ఎలా ఉంటుందో అనుభవిస్తే గానీ తెలియదు. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపేశారు. వారం తిరిగేసరికి ఇళ్ల వివక్షను నిషేధించే చట్టాన్ని దేశం మొత్తానికి తెచ్చారు. ఆ నెలాఖరుకి మిల్వాకీ కూడా తన చట్టం తనే చేసుకుంది.

మా కంపెనీలో నాకంటే పదిహేనేళ్లు పెద్దావిడ ఒకరు ఉండేవారు. పదిహేనేళ్ల వయసులో ఆ వంతెన మీద నడిచిన పిల్లల్లో ఆవిడ ఒకరు. ఇరవై ఏళ్లు కలిసి భోజనం చేశాం. 1970ల మొదట్లో బ్యాంకు అప్పు అడిగితే భర్త సంతకం తెమ్మన్నారని ఆవిడే చెప్పారు. ఆడవాళ్లకు అప్పు విషయంలో వివక్ష చూపకూడదన్న చట్టం 1974లో గానీ రాలేదు. నేను వచ్చిన మూడో నెలలోనే నా పేరుతో క్రెడిట్ కార్డు వచ్చిందంటే ఆవిడ నవ్వి, ఆ కార్డు చూపించమని అడిగారు.

ఆవిడ అన్నదమ్ములిద్దరూ ఫ్యాక్టరీ పనివాళ్లు. ఇక్కడ ట్రాక్టర్లు చేసే అల్లిస్ చామర్స్ లాంటి పెద్ద కంపెనీయే 1987లో దివాలా తీసింది. ఇళ్లు కొనుక్కునే హక్కు చేతికొచ్చిన ఇరవై ఏళ్లలోపే, ఇల్లు కొనగలిగే జీతాలిచ్చే ఉద్యోగాలు పోయాయి. ఈ రోజుకీ నల్లవాళ్లు, తెల్లవాళ్లు విడివిడిగా బతికే అమెరికా నగరాల్లో మిల్వాకీ ముందు వరసలోనే ఉంది. చేతిలో డిగ్రీలతో వచ్చిన మాలాంటివాళ్లం ఆ చట్టాన్ని పూర్తిగా వాడుకోగలిగాం. నడిచినవాళ్లలో చాలామంది వాడుకోలేకపోయారు. మీరు ప్రశ్నలో "సమాజానికి" అన్నారు కదా, ఆ ఒక్క మాట కింద వీళ్లందరినీ కలిపేయలేం.

మావారూ నేనూ 1996లో మిల్వాకీ పక్కనే ఉన్న వావటోసాలో ఇల్లు కొన్నాం. రిజిస్ట్రేషన్‌కి ముందు రోజు టెన్షన్‌తో నిద్ర పట్టక కాగితాలన్నీ తిరగేస్తుంటే, పాత దస్తావేజు నకలు ఒకటి కనిపించింది. 1920లలో ఆ వీధి స్థలాలు అమ్మినప్పటిది. తెల్లవాళ్లు కానివారెవరూ ఈ స్థలాన్ని కొనకూడదు, ఇందులో నివసించకూడదు, ఇంటి పనివాళ్లకు మాత్రం మినహాయింపు అని స్పష్టంగా రాసి ఉంది. 1948లోనే సుప్రీంకోర్టు అలాంటి షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదంది. 1968 చట్టంతో అవి పూర్తిగా చెల్లకుండా పోయాయి. కాగితం మీద మాత్రం అక్షరాలు అలాగే ఉన్నాయి.

దాన్ని ఆఫీసుకు తీసుకెళ్లి ఆవిడకు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. వీధి పేరు దగ్గర వేలు పెట్టి ఆగారు. చలికాలంలో వాళ్ల నాన్న ఆ వీధి ఇళ్ల ముందు మంచు తీసే పనికి వెళ్లేవారట, పొద్దున్నే బస్సెక్కి వెళ్లి చీకటి పడకముందే తిరిగొచ్చేసేవారట. ఏ ఇంటి ముందని అడిగాను. చిన్నపిల్లని, గుర్తులేదన్నారు.